వాల్వు ఆంప్లిఫయర్ కిట్ కడుతున్నాను (నెల్లూరు) – కరెంటు ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి?

పినాకిని_తీరం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. ఈ వేదికలో రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మూలాపేటలో మా ఇంట్లో నా చిన్నప్పుడు చెక్క పెట్టె వాల్వు రేడియో ఉండేది. నాన్న సాయంత్రం స్విచ్ వేసి, చొక్కా మార్చుకుని వచ్చేసరికి విజయవాడ కేంద్రం మెల్లగా పలకడం మొదలయ్యేది. ఆ కాస్త ఆలస్యం, వెనక అట్ట సందుల్లోంచి కనిపించే ఎర్రటి వెలుగు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ రేడియో ఎప్పుడో పోయింది. నాన్నకు ఇప్పుడు 78. ఆయన కోసం ఏదైనా కొనడం కన్నా నా చేత్తో కట్టి ఇవ్వాలనిపించి, విదేశం నుంచి ఒక కిట్ తెప్పించాను.

స్టీరియో కిట్. ఒక్కో ఛానల్‌కు ఒక ఈఎల్84 (స్పీకర్‌ను నడిపే వాల్వు), రెండు ఛానళ్లకూ కలిపి ముందు ఒక ఈసీసీ83 (వచ్చిన సిగ్నల్‌ను మొదట పెంచే వాల్వు). సర్క్యూట్ బోర్డు లేదు, అంతా ట్యాగ్ స్ట్రిప్పుల మీద తీగలతో కట్టడమే. నాలుగు ఆదివారాలు పట్టింది. ట్రాన్స్‌ఫార్మర్లు బిగించాను, హీటర్ (వాల్వును లోపలి నుంచి వేడి చేసేది) తీగలు మెలిపెట్టి వేశాను, రెసిస్టర్లు, కెపాసిటర్లు అన్నీ సోల్డర్ చేశాను. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (ఇంటి కరెంటు తగిలించే చుట్ట) మీద 220 వోల్టులు అని రాసి ఉంది.

ఇక ప్లగ్ పెట్టడమే మిగిలింది. నిజం చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. లోపల 300 వోల్టుల దాకా డీసీ ఉంటుందని తెలుసు. ఇంతకుముందు ఇంత వోల్టేజీతో పని చేయలేదు. పెద్దలు దారి చూపించాలి.

---

ఒంగోలు_వాల్వు (ఒంగోలు)

బాబూ, ఆ భయం మంచిదే, పోగొట్టుకోవద్దు. నేను నలభై ఏళ్లు రేడియోలు బాగు చేశాను. దెబ్బ తగిలిన రోజులన్నీ నాకు బాగా తెలుసు అనుకున్న రోజులే.

ముందు ఈ పని చెయ్యి. వాల్వులు పెట్టకుండా, సిరీస్ బల్బు, అంటే మెయిన్స్ తీగలో వరసగా కట్టిన బల్బు, ద్వారా కరెంటు ఇవ్వు. 60 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారిందంటే షార్ట్ లేదు. గట్టిగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ వైపు వెతుకు. ఇది దాటాక వాల్వులు పెట్టు. అప్పుడు 100 వాట్ల బల్బు వెయ్యి, ఎందుకంటే నీ ఆంప్లిఫయరే 60 వాట్లకు దగ్గరగా తీసుకుంటుంది.

రెండోది ప్రాణానికి సంబంధించినది. స్విచ్ ఆపి ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్లలో వోల్టేజీ నిలిచి ఉంటుంది. వాటి మీద ఆ వోల్టేజీని దింపే బ్లీడర్ రెసిస్టర్ ఉందా చూడు. 100 మైక్రోఫారడ్లకు 220 కిలో ఓములు ఉంటే దాదాపు రెండు నిమిషాల్లో దిగిపోతుంది. ఉన్నా సరే, మీటర్ పెట్టి 10 వోల్టుల లోపు చూశాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ కొట్టే అలవాటు వద్దు. 5 వాట్ల రెసిస్టర్‌కు రెండు వైపులా స్లీవ్ వేసిన తీగలు కట్టుకుని దాంతో దింపు.

మూడోది: కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో. నెగటివ్ ప్రోబును ముందే ఛాసిస్‌కు (లోహపు చట్రానికి) క్లిప్‌తో తగిలించి, ఒంటి చేత్తో కొలువు. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి.

స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చెయ్యకు.

---

కావలి_శ్రోత (కావలి)

మాస్టారూ, చివరి మాట అర్థం కాలేదు. నా ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ స్పీకర్ లేకుండా ఎన్నోసార్లు ఆన్‌లో ఉండిపోయింది, ఏమీ కాలేదు. వాల్వుకెందుకు భయం?

---

ఒంగోలు_వాల్వు (ఒంగోలు)

ట్రాన్సిస్టర్‌కు శత్రువు షార్ట్. వాల్వుకు శత్రువు ఖాళీ. ఈఎల్84 లాంటి పెంటోడ్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలోకి కరెంటును నెడుతుంది. సెకండరీకి స్పీకర్ ఉంటే ఆ శక్తి అందులోకి పోతుంది. లేకపోతే పోయే దారి లేక ప్రైమరీ మీద వోల్టేజీ వందల్లో ఎగుస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇన్సులేషన్‌ను గానీ వాల్వు సాకెట్‌ను గానీ పొడుస్తుంది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే ఆ పెట్టెలో ఖరీదైన సామాను. పరీక్షించేటప్పుడు స్పీకర్ పెట్టడం ఇష్టం లేకపోతే 8 ఓముల 10 వాట్ల రెసిస్టర్ పెట్టుకోవచ్చు.

---

పినాకిని_తీరం (నెల్లూరు)

మాస్టారు చెప్పినట్టే చేశాను. బల్బు వెలిగి వెంటనే మసకబారింది! ఆ నిమిషంలో పక్కన మా అబ్బాయి కూడా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

వాల్వులు పెట్టాక, బల్బు తీసేసి కొలిచిన అంకెలు ఇవి. మధ్యాహ్నం ఇంట్లో కరెంటు 225 వోల్టులు. హీటర్ 6.4. ఈఎల్84 ప్లేట్ (ఎలక్ట్రాన్లు చేరే కొస) దగ్గర 262. క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే కొస) దగ్గర రెండు వాల్వులకూ 7.4 (అక్కడ 150 ఓముల రెసిస్టర్ ఉంది).

రాత్రి పదకొండుకు మళ్లీ చూస్తే ఇంటి కరెంటు 247 ఉంది. మా వీధిలో రాత్రిపూట అంతే. హీటర్ 7.1, ప్లేట్ 287, క్యాథోడ్ 8.3. వాల్వు పైభాగం చాలా వేడెక్కింది. ఇది పరవాలేదా?

---

చెరువు_కరెంటు (కొత్తపట్నం)

అన్నా, నేను రొయ్యల చెరువుల మీద ఏరేటర్ మోటార్లు, ప్యానెల్ బోర్డులు చూస్తాను. తీరం వెంట రాత్రి కరెంటు ఇంతే. లోడు తగ్గగానే ఎక్కేస్తుంది.

దీనికి ఖరీదైన స్టెబిలైజర్ అక్కర్లేదు. రిలే స్టెబిలైజర్ మెట్లు మెట్లుగా మారుతుంది, పాట మధ్యలో టిక్కుమంటుంది కూడా. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసుకో. ప్రైమరీని మామూలుగా మెయిన్స్‌కు కట్టు. దాని సెకండరీని ఆంప్లిఫయర్‌కు పోయే ఫేజ్ తీగలో సిరీస్‌లో పెట్టు, ఎదురు తిరిగేలా. అప్పుడు సెకండరీ వోల్టేజీ మెయిన్స్‌లోంచి తీసివేతకు వస్తుంది. 24 వోల్టుల 2 ఆంపియర్లది పెడితే నీ 247 కాస్తా 221 అవుతుంది.

జాగ్రత్త ఒక్కటే. సెకండరీ తిరగబడితే తగ్గాల్సింది పెరిగి 270 దాటుతుంది. అందుకని ఆంప్లిఫయర్ తగిలించక ముందే మీటర్‌తో చూసుకో. ఫ్యూజ్ పెట్టి, మూత ఉన్న డబ్బాలో బిగించు. ఇంట్లో పిల్లలున్నారు కదా.

---

ఒంగోలు_వాల్వు (ఒంగోలు)

తమ్ముడు చెప్పిన పద్ధతి సరైనది. కానీ 24 ఎక్కువ. రాత్రికి సరిపోతుంది, పగలు 225 ఉన్నప్పుడు 201కి దిగిపోయి హీటర్ 5.8 దగ్గర ఉంటుంది. హీటర్‌కు 6.3కు అటూ ఇటూ పది శాతం హద్దు. అంచు మీద నడవడం ఎందుకు? 12 వోల్టులది పెట్టు. పగలు 213, రాత్రి 234 వస్తుంది. హీటర్ 6.1 నుంచి 6.7 మధ్య తిరుగుతుంది.

ఇక రాత్రి వేడి సంగతి. లెక్క వేసి చూడు బాబూ. క్యాథోడ్ 8.3ను 150తో భాగిస్తే 55 మిల్లీ ఆంపియర్లు. అందులో వాల్వులోని మరో కొస అయిన స్క్రీన్‌కు పోయేది ఓ ఐదు తీసేస్తే ప్లేట్‌కు 50. ప్లేట్‌కూ క్యాథోడ్‌కూ మధ్య 279 వోల్టులు. గుణిస్తే దాదాపు 14 వాట్లు. ఈఎల్84 ప్లేట్ హద్దు 12. వాల్వు వెంటనే పోదు, కానీ ఆయుష్షు కరిగిపోతుంది. చీకట్లో చూస్తే ప్లేట్ మీద ఎర్రటి మచ్చ కనిపిస్తుంది. అలా కనిపిస్తే మాత్రం ఆపేయాలి.

కిట్ వాళ్ళు 220కి లెక్క కట్టారు. వాళ్ళ తప్పేమీ లేదు, మన కరెంటు వేరు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక క్యాథోడ్ రెసిస్టర్లను 180 ఓములకు మార్చు, 2 వాట్లవి. రాత్రి కూడా 11 వాట్ల దగ్గర ఉంటుంది. మోత తగ్గినట్టు నీ చెవికి తెలియదు.

---

పినాకిని_తీరం (నెల్లూరు)

ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను, 180 వేశాను. రాత్రి 11కి కొలిస్తే క్యాథోడ్ 8.2, 8.2. రెండూ సమానం.

నిన్న మొదటిసారి పాట వేశాను. ఘంటసాల గారి పద్యం. మొదటి రాగం తీయగానే ఇంట్లో అందరం మాటలు ఆపేశాం. దాని గురించి తర్వాత రాస్తాను, ముందు రెండు సమస్యలు ఉన్నాయి.

ఒకటి, ఎడమ ఛానల్ శబ్దం కుడిదాని కంటే తక్కువ. గాయకుడి గొంతు మధ్యలో ఉండాల్సింది కుడి వైపు జరిగి వినిపిస్తోంది.

రెండు, గుయ్‌మని హమ్. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టి పాట వేస్తే ఇంకా పెరుగుతోంది.

---

కావలి_శ్రోత (కావలి)

ఎడమ ఈఎల్84 వీక్ అయి ఉంటుంది. వాల్వు మార్చి చూడండి.

---

కందుకూరు_ఓం (కందుకూరు)

కొత్తది కొనకండి, ముందు ఉన్నవే అటూ ఇటూ మార్చి చూడండి. సమస్య వాల్వుతోపాటు కుడి వైపుకు వెళ్తే వాల్వుది. అక్కడే ఉంటే సర్క్యూట్‌ది. స్పీకర్లను, ఇన్‌పుట్ తీగలను కూడా అలాగే ఒక్కొక్కటిగా మార్చండి. రెండు ఒకేసారి మారిస్తే ఏమీ తేలదు.

హమ్ విషయానికి వస్తే అది 50 హెర్ట్జా, 100 హెర్ట్జా అన్నది ముందు తేల్చాలి. 100 అయితే రెక్టిఫయర్ తర్వాత ఫిల్టర్ చాలడం లేదని. 50 అయితే హీటర్ తీగలో, ఎర్త్ సమస్యో, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూకుతున్నదో. మీటర్ అక్కర్లేదు, సంగీతం తెలిసిన వాళ్లకు చెవి చాలు. 50కి 100 సరిగ్గా పై షడ్జం. ఫోన్‌లో టోన్ యాప్ పెట్టుకుని హెడ్‌ఫోన్‌లో రెండూ విని పోల్చండి. ఫోన్ స్పీకర్ 50ని పలకలేదు.

వాల్యూమ్ పూర్తిగా తగ్గిస్తే హమ్ పోతుందా? అది కూడా చెప్పండి.

---

పినాకిని_తీరం (నెల్లూరు)

వాల్వులు మార్చాను, ఎడమే తగ్గుతోంది. స్పీకర్లు మార్చాను, ఇన్‌పుట్ తీగలు మార్చాను, అదే. డీసీ వోల్టేజీలు మాత్రం రెండు ఛానళ్లలో అన్ని చోట్లా సమానంగా ఉన్నాయి.

హమ్ కింది షడ్జమే, 50. వాల్యూమ్ సున్నా చేస్తే దాదాపు పోతుంది.

---

ఒంగోలు_వాల్వు (ఒంగోలు)

డీసీ అంతా సమానం, ఏసీ (అంటే పాట సిగ్నల్) మాత్రం తక్కువ. మంచి ఆధారం ఇచ్చావు బాబూ. అంటే రెండు వాల్వులూ సరిగా కూర్చున్నాయి. వాటి మధ్య దారిలో సిగ్నల్ కారిపోతోంది. ఈసీసీ83 ప్లేట్ నుంచి కప్లింగ్ కెపాసిటర్ దాటాక ఈఎల్84 గ్రిడ్ (సిగ్నల్ వెళ్లే కొస) నుంచి ఛాసిస్‌కు ఒక రెసిస్టర్ ఉంటుంది. అది 470 కిలో ఓములు ఉండాలి. కరెంటు తీసి, కెపాసిటర్లు దిగాక రెండు వైపులా కొలిచి చెప్పు. దాని రంగులు కూడా చూడు.

---

చెరువు_కరెంటు (కొత్తపట్నం)

హమ్ గురించి నాది ఒక అనుమానం. మీ ఇంటి ఎర్త్ బతికే ఉందా? సాకెట్‌లో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంతో, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత చూపించు.

---

పినాకిని_తీరం (నెల్లూరు)

రెండూ దొరికాయి!

ఎడమ వైపు రెసిస్టర్ 47 కిలో ఓములు కొలిచింది. కుడిది 470. నీలం ఒంటి మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, ఐదు పట్టీలవి. పసుపు, ఊదా, నలుపు రెండింటికీ ఒకటే. నాలుగో పట్టీ ఒకదానికి నారింజ, రెండోదానికి ఎరుపు. రాత్రి పసుపు బల్బు కింద నాకు రెండూ ఒకేలా కనిపించాయి. మార్చగానే ఘంటసాల గారు గది మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. బేస్ కూడా నిండింది.

ఎర్త్ సంగతి: ఫేజ్–న్యూట్రల్ 231, ఫేజ్–ఎర్త్ 140. ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో ఎర్త్ గుంత తవ్వితే, పైపుకు కట్టిన తీగ ఉప్పుగాలికి తిని తెగిపోయి ఉంది. ఎన్నేళ్లుగా అలా ఉందో. ఇన్నాళ్లూ ఇంట్లో ఫ్రిజ్, గ్రైండర్ అన్నీ ఎర్త్ లేకుండానే నడిచాయని తలుచుకుంటే గుండె ఝల్లుమంటోంది. బొగ్గు, ఉప్పు కొత్తగా వేయించి, రాగి తీగ మార్పించాను. ఇప్పుడు 229 వస్తోంది. హమ్ ముప్పాతిక పోయింది.

---

ఒంగోలు_వాల్వు (ఒంగోలు)

మంచి పని జరిగింది. ఆంప్లిఫయర్ సంగతి ఎలా ఉన్నా ఇంటి ఎర్త్ దొరికింది, అది చాలు. ఎండాకాలం ఆ గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పొయ్యి. మన నేల ఎండితే ఎర్త్ పనిచేయదు.

47 ఎందుకు అంత తేడా చేసిందో కూడా తెలుసుకో. ఈసీసీ83 లోపలి నిరోధం పెద్దది. దానికి 470 బరువు తెలియదు, 47 మాత్రం మెడ మీద కూర్చున్నట్టే. సిగ్నల్ సగానికి దగ్గరగా పడిపోతుంది. కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్ అయితే బేస్ కోత కూడా 3 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సింది 34కు ఎక్కుతుంది. నీ చెవి రెండూ పట్టుకుంది.

మిగిలిన హమ్‌కు హీటర్ తీగల మెలిక గట్టిగా వేసి, వాటిని ఛాసిస్ మూలకు అణిచి, ఇన్‌పుట్ తీగకు దూరంగా జరుపు. రెండూ ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు, పక్కపక్కన నడిపించకు. హీటర్ రెండు కొసల నుంచి ఛాసిస్‌కు చెరో 100 ఓములు ఉన్నాయా చూడు.

---

పినాకిని_తీరం (నెల్లూరు)

100 ఓములు ఉన్నాయి. తీగలు జరిపాను. ఇప్పుడు స్పీకర్‌కు చెవి ఆనిస్తే తప్ప ఏమీ వినిపించదు. మాస్టారూ, ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ఇక వినడం గురించి. బాలు గారి గొంతు వేశాను. మన నెల్లూరు మనిషి కదా, మొదట ఆయన్నే వినాలనిపించింది. పల్లవి ముందు ఆయన తీసుకునే చిన్న ఊపిరి, నవ్వు చాటున నాలుక కదలిక, ఇవన్నీ ముందు కూడా రికార్డులో ఉన్నవే. నేనే పట్టించుకోలేదు. తర్వాత నాదస్వరం. అక్కడ కొంచెం నిరాశ: డోలు గట్టిగా పడినప్పుడు శబ్దం నలిగిపోయింది.

---

కందుకూరు_ఓం (కందుకూరు)

నలగడానికి కారణం ఆంప్లిఫయర్ కాదు, స్పీకర్. మీది 85 డెసిబెల్స్ రకం (ఒక వాటుకు ఒక మీటరు దూరంలో అంత పలికేది) చిన్న పెట్టె అయి ఉంటుంది. ఒక్కో ఈఎల్84 శుభ్రంగా ఇచ్చేది 4 వాట్లు. 4 వాట్లకు ఒక మీటరు దూరంలో అది 91 పలుకుతుంది. 93 రకం స్పీకర్ అయితే అదే 4 వాట్లకు 99. ఈ ఎనిమిది డెసిబెల్స్ తేడాను వాట్లతో పూడ్చాలంటే 25 వాట్ల ఆంప్లిఫయర్ కావాలి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. వాల్వులోనే అసలు సంగీతం ఉందని కొందరు రాస్తుంటారు, నేను ఒప్పుకోను. కొలిస్తే మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ వక్రీకరణ దీనికంటే చాలా తక్కువ.

---

ఒంగోలు_వాల్వు (ఒంగోలు)

కోపమెందుకు, నిజమే చెప్పారు. కానీ వక్రీకరణ ఎంత అన్నది ఒక ప్రశ్న, ఎలాంటిది అన్నది మరో ప్రశ్న. ఒకే వాల్వుతో నడిచే ఇలాంటి సర్క్యూట్ ఎక్కువగా రెండో హార్మోనిక్ కలుపుతుంది. అంటే షడ్జం మోగితే దాని పై షడ్జం కాస్త తోడవుతుంది. మూడోది పై పంచమం. తంబూరాకు జీవ (తీగ కింద పెట్టే నూలుపోగు) సరిచేసినప్పుడు తీగ ఎలా విచ్చుకుంటుందో గుర్తు చేసుకోండి. రికార్డులో లేనిది కలిసిందనడం న్యాయమే. అది అపస్వరం కాదనడం కూడా న్యాయమే. నాకు గొంతుకు, వీణకు వాల్వు కావాలి. మృదంగం తని ఆవర్తనానికి నేనే ట్రాన్సిస్టర్ వేసుకుంటాను.

---

కావలి_శ్రోత (కావలి)

మా ఇంటి అటక మీద పాత టూరింగ్ టాకీస్ నుంచి కొన్న 8 అంగుళాల కాగితం కోను స్పీకర్లు రెండున్నాయి. మా మామయ్య ఎప్పుడో వేలంలో తెచ్చాడు. కోను చిరగలేదు, 8 ఓములే. పినాకిని గారూ, ఆదివారం కావలి వస్తే తీసుకెళ్లి వారం రోజులు పెట్టి చూడండి. పెట్టె మాత్రం పెద్దది కావాలి.

---

చీమకుర్తి_నల్లరాయి (చీమకుర్తి)

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. ఆంప్లిఫయర్ కిందికి పీట కావాలంటే చెప్పండి. మాది గెలాక్సీ గ్రానైట్ కటింగ్ యూనిట్. కొసలు కత్తిరించగా మిగిలిన ముక్కలుంటాయి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ముక్క పాలిష్ పెట్టించి ఇస్తాను. చుక్కలు మెరుస్తుంటే పైన వాల్వు వెలుగు బాగుంటుంది. వేడికి ఏమీ కాదు.

---

చెరువు_కరెంటు (కొత్తపట్నం)

వాల్వుల మీద ఇనుప జాలీ కూడా చేయించన్నా. కార్తీకం వానలకు పురుగులు వెలుగుకు ఎగబడతాయి, వాటి వెనకాలే బల్లి. గాజు మీద చెయ్యి పడితే బొబ్బలెక్కుతాయి, పిల్లలకు ముందే చెప్పు.

---

పినాకిని_తీరం (నెల్లూరు)

నెల రోజుల తర్వాత రాస్తున్నాను.

కావలి గారి స్పీకర్లు మా ఇంట్లోనే ఉండిపోయాయి. వెల తీసుకోనన్నారు, బదులుగా ఆయనకూ ఇలాంటిదే కట్టి ఇస్తానని మాట ఇచ్చాను. కిట్ ఆర్డర్ పెట్టేశాం. ఈసారి రెసిస్టర్లన్నీ మీటర్‌తో కొలిచి, కాగితం మీద అంటించి, పగటి వెలుగులోనే సోల్డర్ చేస్తాను. వడ్రంగి టేకుతో పెట్టెలు చేశాడు. డోలు ఇప్పుడు డోలులా పడుతోంది. జాలీ వేయించాను. చీమకుర్తి రాయి వచ్చింది, నలుగురం కలిసి మోశాం.

నాన్న పాటల కంటే విజయవాడ కేంద్రాన్నే ఎక్కువ వింటున్నారు. ఫోన్‌లో ఆకాశవాణి యాప్ పెట్టి దీనికి కలిపాను. సాయంత్రం ఆయనే స్విచ్ వేస్తారు. వాల్వులు వేడెక్కేలోగా వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంటారు. ఎవరూ చెప్పలేదు ఆయనకు అలా చేయమని.

మాస్టారూ, మీ కోసం ఒక లెక్క: రోజుకు మూడు గంటల చొప్పున వంద గంటలు దాటింది. రాత్రి క్యాథోడ్ వోల్టేజీ కుడి 8.2, ఎడమ 8.1.

---

ఒంగోలు_వాల్వు (ఒంగోలు)

సరిగ్గా ఉంది. నా దగ్గర బెంగళూరు బీఈఎల్ ముద్ర ఉన్న ఈఎల్84లు రెండు ఉన్నాయి, దుకాణం మూసినప్పుడు దాచుకున్నవి. ఒంగోలు వచ్చినప్పుడు తీసుకెళ్లు. నాన్నగారిని కూడా వెంటబెట్టుకుని రా.